సున్నం పూసిన చెట్లు

మొగపాలెం,
1896 నవంబరు 20

చిరంజీవి చినబాబుకి, నిన్ను ఎత్తుకు పెంచిన మేనమామ గంగయ్య ప్రభువు పేర దీవించి రాస్తున్నాను.

ఒరే అబ్బాయ్, గూడబాతులు వచ్చేశాయి. మొన్న ఆదివారం నేను ఏలీయా ప్రవక్త మీద గొంతు చించుకుంటుంటే జనమంతా నన్ను వదిలేసి ఆకాశం కేసి చూశారు. అందరికంటే ముందు లేచి బయటికి పరుగెత్తింది ఎవరనుకున్నావు? మీ అత్త వీరమ్మే. బోధకుడి పెళ్ళాం! ఏం చెయ్యను, ప్రసంగం ఆపి నేనూ వెళ్ళి చూశాను.

పెద్దింట్లమ్మవ్వ ఎప్పటిలాగే పిట్టల లంక కాలువ మొగలో పాత వల ముక్క కట్టించింది. ఆ వల వేలాడినంతకాలం కాలువలోకి గొడ్డలి పోకూడదు, నిప్పు పోకూడదు, తెడ్డుకి గుడ్డ చుట్టకుండా పడవ పోకూడదు. పిల్లలకి రెక్కలొచ్చి ఎగిరిపోయాకే వల విప్పుతారు. నేను క్రీస్తు మార్గంలోకి వచ్చిన కొత్తలో ఇదంతా విగ్రహారాధన అని ఆ వల పీకబోయాను. "ఏంటి బోధకుడుగారూ, పిట్టల్ని మీ దేవుడు కాకుండా ఇంకెవడైనా చేశాడా?" అంది ముసల్ది. ఇంటికొచ్చి గ్రంథం తిరగేస్తే మోషే ధర్మశాస్త్రంలోనే కనబడింది, గూటి మీదున్న తల్లిని పిల్లలతో కలిపి పట్టకు అని. అప్పటినుంచి ఆ వలకి రెండో ముడి నాదే. పిట్టల రెట్ట పడిన నీళ్ళలోనే మన రొయ్య బలుస్తుంది. ఆ కాలువ లేకపోతే పాలెంలో ఏ పొయ్యిలోనూ పిల్లి లేవదు.

ఇప్పుడు అసలు సంగతి. కట్టెల కంట్రాక్టరు రత్నమాణిక్యం నిన్న మన ఒడ్డున నిలబడి, మీ అడవి శాఖ పిట్టల లంకని నరుకుడు కూపు చేసి వేలం వేసిందనీ, తానే పాడుకున్నాననీ, సున్నపు బట్టీలకి ఆ మడకట్టే కావాలనీ చెప్పాడు. "మీ పిట్టల్ని వేరే ఇల్లు చూసుకోమనండి బోధకుడుగారూ, అద్దె నేనిస్తాను" అని నవ్వాడు కూడా. వాడు నీకు తెలియనివాడా? తూర్పు మడ నరికి, మొద్దులు కాలువలో వదిలేసి, పాలెం వలలన్నీ చింపినవాడు. వాడి పళ్ళు రాలగొట్టమని ఆనాటి నుంచీ ప్రార్థిస్తున్నాను. కీర్తనకారుడు తన శత్రువుల కోసం అలాగే ప్రార్థించాడు గనక నాకేం సిగ్గు లేదు.

నువ్వు రేంజి ఆఫీసులో గార్డువి. మీ దొర నీ మాట వింటాడని నువ్వే గొప్పలు రాశావు. ఆపించు. మీ అమ్మ వాంతిభేదులతో పోయిన ఏడు, నువ్వు ఏడుపు మానకపోతే భుజాన వేసుకొని ఆ పిట్టల్నే చూపించేవాణ్ణి. ఆ రుణం నాకు తీర్చక్కర్లేదు, వాటికి తీర్చు.

నీ రాక కోసం కాక, నీ పని కోసం ఎదురుచూసే,
గంగయ్య


రాజమహేంద్రవరం,
1896 డిసెంబరు 14

మావయ్యగారికి చినబాబు నమస్కారాలు. అత్తయ్యగారికి ఇంకో రెండు ఎక్కువ.

మీ జాబు ఆఫీసులో అందరి ముందూ విప్పాను. పళ్ళు రాలగొట్టడం దాకా చదివి టక్కున మూసేశాను. "ఏంటయ్యా చినబాబూ, ఇంటి దగ్గర యుద్ధమా?" అన్నారు రేంజరుగారు. "కాదండి, ప్రార్థన" అన్నాను.

కూపు ఆపడం నా తరం కాదండి. అడవిని భాగాలుగా కట్టడం, ఏటికొక భాగం నరకడం, అది మళ్ళీ పెరిగేదాకా దాని జోలికి పోకపోవడం, ఇదీ పైనుంచి వచ్చిన ప్లాను. చెడ్డదని నేననుకోను. ఇదివరకు ఎవడికి తోచినట్టు వాడు నరికేవాడు కదా.

అయినా మీ మాట పోనివ్వలేదు. దొరగారితో గూడబాతుల సంగతి చెప్పాను. ఆయనకి పిట్టల బొమ్మలు వేసుకునే సరదా ఉంది. అంతా విని, "ఆ చెట్లు నాకు చూపించు" అన్నారు. పోయిన వారం ఆయన పడవలోనే లంకకి వచ్చాం. ఇంటికి రావాలని ప్రాణం కొట్టుకుంది గాని, పాటు తీసే వేళయింది, పడవ బురదలో కూర్చుంటుందని సరంగు తొందరపెట్టాడు. గూళ్ళున్న పెద్ద మడచెట్లన్నిటికీ నా చేత్తోనే సున్నం పూశాను. రత్నమాణిక్యం మనుషులే కుండ పట్టుకొని నా వెనక తిరిగారు. ఆవలి పాయలోవి కూడా, ఒక్క గూటి చెట్టు వదల్లేదు. కాబట్టి ఇక మీరు నిశ్చింతగా ఉండండి.

నాకు కొత్త బిళ్ల ఇచ్చారు. తోలుపట్టీకి పెట్టుకొని కోటిలింగాల రేవు దాకా నడిచి వచ్చాను. ఎవరూ చూడలేదు. పడవ మీద ఎవరైనా వస్తుంటే అత్తయ్యగారి చేతి ఎండురొయ్యలు పంపండి. ఇక్కడి హోటలు సాంబారు తాగి తాగి నా నాలుక బ్రాహ్మణుడైపోయింది.

మీ విధేయుడు,
చినబాబు


మొగపాలెం,
1896 డిసెంబరు 29

చినబాబూ,

ఈ జాబుకి దీవెన లేదు. వెతుక్కోకు.

నీ జాబు మీ అత్తకి చదివి వినిపిస్తుంటే సున్నం మాట దగ్గర జాబు మడిచేశాను. వెంటనే పడవేసుకొని పోయి చూశాను. ఎక్కడ గూడుంటే అక్కడ, మాను మొదట్లో తెల్లటి వలయం. ఉరికంబానికి నడిపించేవాడి మెడలో తాడులా ఉంది. పైన తల్లులు రెక్కలు చాపి పిల్లలకి ఎండ తగలకుండా నిలబడ్డాయి. వాటికేం తెలుసు?

పాలెంలో పుట్టినవాడివి, చెట్టుకి సున్నం అంటే ఏంటో నీకు తెలియదా? తెరచాప కొయ్యకి మాను బేరం కుదిరితే, ఇంకొకడు దాని మీద కన్ను వెయ్యకుండా కొన్నవాడు సున్నం పూసి పోతాడు. మర్నాడు గొడ్డలి వస్తుంది. సున్నం పడిన మాను మళ్ళీ చిగురు వెయ్యడం నేను పుట్టి ఎరగను. నువ్వేమో ఒక్కటి కూడా వదల్లేదని గొప్పగా రాస్తావు! రత్నమాణిక్యం మనుషుల చేత కుండ మోయించుకుంటావు! పైగా నిశ్చింతగా ఉండమంటావు! యూదా కూడా యేసుని ముద్దు పెట్టే అప్పగించాడు. నీకెంత ముట్టింది? బిళ్ల ఒక్కటేనా?

మీ అత్త, "వాడు అలాంటివాడు కాదండి, ఇంకోసారి రాసి అడగండి" అంది. ఆడదాని మాట విని ఆదాము చెడ్డాడు అన్నాను. "ఆదాము చెడింది వినడం వల్ల కాదు, తినడం వల్ల" అంది. అప్పటినుంచి ఆమెకీ నాకూ మాటల్లేవు. నీ ఎండురొయ్యలు మూట కట్టింది. నేను విప్పి కాకులకి వేశాను.

హామాను పరాయివాడి కోసం నిలబెట్టిన కొయ్యకి తానే వేలాడాడు. రత్నమాణిక్యానికి సరిపోయే కొయ్య ఒకటి నేనూ చూస్తున్నాను. అదేంటో నీకు చెప్పను. నువ్వు ఇప్పుడు వాళ్ళ మనిషివి.

ఒకప్పుడు నీకు మేనమామ అయిన,
గంగయ్య


మొగపాలెం,
1897 జనవరి 6

చినబాబూ,

పని అయిపోయింది గనక ఇప్పుడు చెబుతున్నాను. నీ దొరకి చెప్పుకో. వెళ్ళి చెప్పుకో.

లంక మీద రత్నమాణిక్యం పెట్టిన కాపలావాడు సారా చౌక అని యానాం పోయాడు. పోతే తెల్లారేదాకా రాడని పాలెమంతటికీ తెలుసు. నేనూ, ఇద్దరు జాలరులూ, పట్టపగలు, గుడ్డ చుట్టిన తెడ్లతో లంకలోకి పోయాం. కొబ్బరిపీచుతో, బురదతో నీ సున్నమంతా తోమేశాం. ఆనవాలు లేదు. మా ఇంటి గోడలకి తెచ్చిన సున్నం తీసుకుపోయి, తూర్పు అంచున తొర్రలు పడి చచ్చిన మానులు ఉన్నాయే, వాటి మొదళ్ళకి నీకంటే అందంగా పూశాం. ఇక నరుక్కోమను! పుచ్చుకట్టె బట్టీలో వేస్తే పొగ వస్తుంది, మంట రాదు. వేలంలో వాడు పోసినదంతా పొగై పోతుంటే, ఒడ్డున నిలబడి నేను పాట పాడతాను. ఇశ్రాయేలీయులు సముద్రం దాటాక పాడినట్టు.

ఆవలి పాయకి మాత్రం నీళ్ళు చాలక పోలేకపోయాం. అక్కడి కొన్ని చెట్లని దేవుడికి వదిలేశాను.

ఒక మాను తోముతుంటే పైనున్న తల్లి నన్ను తొంగిచూసింది గాని లేవలేదు. నాకు భయపడలేదు. మేనల్లుడికంటే పిట్టకి నా మీద నమ్మకం ఎక్కువ.

పగ తీరిన,
గంగయ్య


రాజమహేంద్రవరం,
1897 జనవరి 8

మావయ్యా,

మీ డిసెంబరు జాబు ఇప్పుడే అందింది. నిలబడే రాస్తున్నాను.

సున్నం పూసింది నరకడానికి కాదండి! ఉంచడానికి! కూపులో అన్నీ నరుకుతారు, సున్నం ఉన్నవాటిని తప్ప. కొండ అడవిలోనైనా, మడ అడవిలోనైనా మా పద్ధతి ఇదే. దొరగారు పిట్టల కోసమే ఆ చెట్లు ఉంచమన్నారు. ఐగుప్తులో గుమ్మానికి రక్తం పూసిన ఇంటిని సంహారదూత దాటిపోయాడని నాకు చెప్పింది మీరే కదండీ? ఈ సున్నం ఆ రక్తంలాంటిది. మాకు రోజూ చేసే పని గనక విడమరిచి రాయాలని తోచలేదు.

కొయ్య ఏదో చూస్తున్నానని రాశారు. అదేదైనా సరే మానేయండి. మీకు దణ్ణం పెడతాను, ఆ చెట్ల దగ్గరికి పోకండి. నేనే బయల్దేరేవాణ్ణి, సెలవు అడిగితే ఇవ్వలేదు. ఈ జాబు ధవళేశ్వరం నుంచి పొద్దున్నే కదిలే పడవలో వేయిస్తున్నాను.

లంచం తిన్నానన్నారు. ఆ మాటకి జవాబు తరవాత రాస్తాను.

చినబాబు


మొగపాలెం,
1897 జనవరి 24

అబ్బాయ్,

నీ జాబు వచ్చింది. దానికంటే గొడ్డళ్ళు ముందు వచ్చాయి.

రత్నమాణిక్యం మనుషులు దిగిన రోజు వేడుక చూద్దామని నేను పడవలో కూర్చొని కీర్తన అందుకున్నాను. వాళ్ళు తూర్పు అంచున నేను పూసిన పుచ్చుమానుల పక్కనుంచే నడిచి, వాటిని ముట్టకుండా, తిన్నగా గూళ్ళ చెట్ల కిందికి పోయారు. "ఒరే, సున్నం చూడండ్రా, సున్నం!" అని అరిచాను.

"చూశాం బోధకుడుగారూ" అన్నాడు రత్నమాణిక్యం. "సున్నం ఉన్నది ఉంచాలి, లేనిది కొట్టాలి. సర్కారు ఉత్తరువు. ఎవరో పుణ్యాత్ముడు మంచి మంచి మానులకి సున్నం కడిగిపెట్టాడు. ఎవడో తెలిస్తే ధోవతుల చాపు పెట్టేవాణ్ణి." ఆ మాటంటూ నా చేతుల కేసి చూశాడు. నా గోళ్ళలో ఇంకా తెలుపు ఉంది.

బురదలో పడుతూ లేస్తూ పోయి ఒక మానుని కావలించుకున్నాను. ఇద్దరు నన్ను రొయ్యల బుట్టలా ఎత్తి పడవలో వేశారు. తరవాత నేను చూసింది రాయక తప్పదు. రెక్కలు రాని పిల్లలు, సంచిలాంటి గొంతులు తెరుచుకొని, గూళ్ళతో సహా బురదలో పడ్డాయి. పాటు తీశాక నక్కలు వచ్చాయి. పైనుంచి గద్దలు. తల్లులు తిరిగి తిరిగి, కొమ్మ లేని చోట వాలబోయి, మళ్ళీ లేచి, చివరికి గుంపంతా కొల్లేటి వైపు పోయింది. అడవిలో గూడబాతులా అయిపోయానని కీర్తనకారుడు ఏడ్చాడు. ఆ వాక్యం ఎన్నోసార్లు బోధించాను. అర్థం ఇప్పుడు తెలిసింది.

పెద్దింట్లమ్మవ్వ వల ముక్క విప్పించి, తెచ్చి నా గుమ్మంలో పడేసి పోయింది. ఒక్క తిట్టు తిట్టలేదు. ఆ ముసల్ది తిట్టకపోవడం నేను పుట్టాక ఇదే మొదలు.

"ఆ పాపివి నువ్వే" అని నాతాను దావీదుతో అన్న మాట నాకు తగిలింది. తగిలినా పగ చల్లారలేదు, అది నిజం. రత్నమాణిక్యం కట్టెకుప్ప ఒడ్డునే ఉంది. నా చేతిలో అగ్గిపెట్టె ఉంది. ఏలీయా ప్రార్థిస్తే పంపినట్టు దేవుడు పైనుంచి నిప్పు పంపేదాకా ఆగగలనో లేదో తెలియదు.

గంగయ్య


రాజమహేంద్రవరం,
1897 ఫిబ్రవరి 11

మావయ్యగారికి,

అగ్గిపెట్టె పక్కన పెట్టి ఇది చదవండి.

గూళ్ళ చెట్లు పడ్డాయని దొరగారికి తెలిసింది. లంకకి వెళ్ళి చూశారు. సున్నం పూసినవాణ్ణి నేను గనక మార్చినవాణ్ణీ నేనే అన్నారు. నేను లంచం పుచ్చుకొని చచ్చిన మానులకి పూశానని రత్నమాణిక్యం గుమాస్తా వాంగ్మూలం ఇచ్చాడు. ఆఫీసు వసారాలో అందరూ చూస్తుండగా నా బిళ్ల ఊడబీకారు. రేంజరుగారు నాతో మాట్లాడటం మానేశారు. కాకినాడ మేజిస్ట్రేటు దగ్గర కేసు. నేరం రుజువైతే జైలే.

ఎవరు చేశారని దొరగారు నన్ను అడిగారు. తెలియదన్నాను. మీ జనవరి జాబు అప్పుడు నా జేబులోనే ఉంది.

నేను చెప్పను. మీరు చెబుతారా?

చినబాబు


మొగపాలెం,
1897 ఫిబ్రవరి 19

చినబాబూ,

రేపు కాకినాడ పడవెక్కుతున్నాను. మేజిస్ట్రేటు ముందు నిలబడి, తోమింది ఈ చేతులే అని చెబుతాను. పాపం ఒప్పుకోవడానికి మాత్రమే పోతున్నాననుకోకు. నువ్వు సున్నం పూసినప్పుడు కుండ పట్టింది రత్నమాణిక్యం మనుషులు. అసలు సున్నం ఎక్కడుండేదో వాళ్ళకి తెలుసు. మార్చారని తెలిసే, మీ దొర వచ్చి చూసేలోపు నరికేశారు. అదీ చెబుతాను. సంసోను గుడి స్తంభాలు లాగితే తానొక్కడే చావలేదు, శత్రువులూ చచ్చారు.

మీ అత్త ఇన్నాళ్ళకి నోరు విప్పింది. "వెళ్ళండి. తలుపు వేసుకోవడం నాకు వచ్చు" అంది.

గంగయ్య


కోరంగి,
1897 జూన్ 30

రాజమహేంద్రవరం జైలులో ఉన్న మావయ్యగారికి,

నా బిళ్ల నాకు తిరిగి ఇచ్చారు. ఈ మడ అడవికే గార్డుగా వేశారు. రత్నమాణిక్యానికి ఏమీ కాలేదు. "సున్నం లేని చెట్టు కొట్టాం, అంతకుమించి మాకేం తెలుసండి?" అన్నాడు, మేజిస్ట్రేటు ఒప్పుకున్నారు. మీకు ఏడాది పడింది.

మీకు ఒక మాట తెలియాలి. మీరు బయట ఉన్నప్పుడు మేజిస్ట్రేటు నన్ను అడిగారు: "ఈ ముసలివాడు తెలియక చేశాడా, సర్కారు మీద కక్షతో చేశాడా?" సున్నం అర్థం తెలియక, చెట్లు కాపాడాలనుకొని చేశాడండి, అని ఒక్క ముక్క అంటే శిక్ష సగానికి తగ్గేదేమో. "తెలియదండి" అన్నాను. నాకు తెలుసు. వసారాలో నా బిళ్ల ఊడబీకిన చప్పుడు చెవిలో ఉంది. నీకెంత ముట్టింది అని మీరు రాసిన మాట ఉంది. అందుకని అన్నాను. పగ ఎలా పట్టాలో మీ దగ్గరే నేర్చుకున్నాను.

నిన్న పిట్టల లంకకి వెళ్ళాను. మొద్దుల మధ్య ఉప్పు తేలుతోంది. ఆవలి పాయలో మీ చెయ్యి అందని చెట్లు నా సున్నంతో సహా అలాగే నిలబడి ఉన్నాయి. వాటి మీద గూళ్ళన్నీ ఖాళీ. కింద ఎముకలు. అదీ మీ పుణ్యమే. పాలెంలో రొయ్య పడటం లేదు. అత్తయ్యగారు కోరంగి సంతకి ఎండుచేపలు మోస్తున్నారు. నేను ఎదురుపడితే బుట్ట దించి మాట్లాడతారు. మీ ఊసెత్తరు.

మీరు చేసిందాన్ని నేను క్షమించలేదని చెప్పడానికే ఈ జాబు.

చినబాబు


రాజమహేంద్రవరం జైలు,
1897 జూలై 18

చినబాబూ,

జైలరు దయతో ఇచ్చిన కాగితం ఇది. వృథా చెయ్యను.

నీ మీద కోపం లేదని మొదలుపెడదామనుకున్నాను. అది అబద్ధం. ఇక్కడ తాళ్ళు పేనుతూ నిన్ను రోజూ తిట్టుకుంటున్నాను. నువ్వు కోర్టులో ‘తెలియదండి’ అన్నది తలుపు బయటున్న నాకూ వినబడింది, అప్పుడే అర్థమైంది. నీ గొంతు తెలియనివాణ్ణా నేను? నీ స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి.

కాని నీ జాబులో ఒక మాట రాశావు, దాన్ని నువ్వే సరిగ్గా చదువుకోలేదు. ఆవలి పాయ చెట్లు. వాటిని నేను ముట్టలేదు. వాటి సున్నం చెరగలేదు. వాటి మీద ఒక్క గొడ్డలి పడలేదు. మీ దొర ఎలా ఉంచమన్నాడో అలాగే ఉన్నాయి. మరి ఆ గూళ్ళెందుకు ఖాళీ అయ్యాయి? ఆ ఎముకలెవరివి? జవాబు చెప్పు గార్డుగారూ!

నేను చెబుతాను విను. చుట్టూ చెట్లు కూలుతుంటే, మనుషులు కేకలు వేస్తుంటే, మొద్దులు ఈడుస్తుంటే గూడబాతు కూర్చోదు. లేస్తుంది. లేచిన గడియలో కాకి గుడ్డు తన్నుకుపోతుంది, ఎండకి పిల్ల మాడుతుంది. రెండుసార్లు లేస్తే మూడోసారి రాదు. నువ్వు గుమ్మాలు ఉంచి ఊరు తగలబెట్టావు. సంహారదూత దాటిపోయింది నిజమే. కాని ఆ ఊళ్ళో మిగిలి బతికేదెవరు? నేను నీ సున్నం చెరపకపోయినా ఆ లంక చచ్చేది. నా పాపం నాది, పూర్తిగా నాదే. నీది నీకు పంపిస్తున్నాను, తీసుకో.

ఇక్కడికి కొత్తగా వచ్చిన ఖైదీ ఒకడు కోరంగివాడు. ఈ కార్తీకంలో గొల్లలంక కూపు వేలం ఉందట. రత్నమాణిక్యం పాడతాడట. నీకు తెలిసే ఉంటుంది, నాకు రాయలేదు. మన పిట్టల్లో మిగిలినవి ఈసారి వాలితే అక్కడే వాలాలి, ఇంకెక్కడా పెద్ద మడ లేదు. వేలానికి ముందే దొర దగ్గరికి పో. చెట్లకి సున్నం పూస్తానని మాత్రం అనకు. మొదటి గూడు కట్టినప్పటి నుంచి చివరి పిల్ల ఎగిరేదాకా ఆ కాలువలోకి గొడ్డలి దిగకూడదని, నరికేది ఎండాకాలంలోనే నరకాలని, ఆ షరతు వేలం కాగితంలోనే రాయమను. ఒప్పుకోకపోతే బిళ్ల తీసి ఆయన బల్ల మీద పెట్టు. రత్నమాణిక్యానికి ఎండాకాలం దాకా కట్టె దొరక్క బట్టీలు ఆరిపోవాలి. వాడి మీద నాకు దేవుడు చూపించిన పగ ఇంతకంటే పెద్దది లేదు. నా చేతులు ఇక్కడున్నాయి. నీవి అక్కడున్నాయి.

నన్ను క్షమించడానికి మాత్రం తొందరపడకు. క్షమించినవాడు హాయిగా నిద్రపోతాడు. ఈ కార్తీకం దాకా నువ్వు మేలుకొని ఉండాలి.

నీ మేనమామ,
గంగయ్య